చిన్న గ్లాసెడు నీళ్ళకు స్తోత్రం

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద కూడుకునే చిన్న సంఘానికి ఒక అలవాటు ఉంది. ఆదివారం వాక్యం చెప్పబోయే ముందు పాస్టరు బాలమల్లు చేతులు కట్టుకుని ఒక పక్కకు జరుగుతాడు. అప్పుడు ఒక్కొక్కరే లేచి, గడిచిన వారంలో దేవుణ్ణి దేనికి స్తుతించాలనిపించిందో ఆ ఒక్క సంగతి చెప్పి కూర్చోవాలి. పెద్ద సంగతే కానక్కర లేదు. బర్రె సులువుగా ఈనిందని ఒకరు, దుబాయిలో ఉన్న అల్లుడు ఫోను చేశాడని ఒకరు, వాన పడకముందే వడ్లు సంచుల్లోకి చేరాయని ఇంకొకరు చెబుతారు.

యోబు సారు వంతు వచ్చినప్పుడు ఆయన లేచి "స్తోత్రం" అని కూర్చునేవారు. దేనికి అన్నది ఉండదు. పదకొండు నెలలుగా అంతే. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి ఆయన. భార్య వందన పోయిన తర్వాత ఆ మాట వెనక ఏ సంగతీ రాలేదు. ఎందుకని సంఘంలో ఎవరూ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక దయేనని ఆయనకు తెలుసు.

ఆ ఆదివారం సంఘానికి ఒక కొత్త మనిషి వచ్చింది. యాభై దాటి ఉంటాయి, బక్కపలచగా ఉంది, ఎడమ చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంది. పేరు నాగవ్వ అనీ, ఉండేది కామారెడ్డిలో అనీ, ఇక్కడ ఉన్న కూతురు పల్లవి ఇంటికి వచ్చిందనీ బాలమల్లు చెప్పాడు. తన వంతు వచ్చినప్పుడు ఆమె సంగతి చెప్పలేదు. నాకు చెప్పరాదు, పాడతానని, అడ్డూ ఆపూ లేకుండా గొంతెత్తింది.

"ముద్ద దిగితే స్తోత్రం, నిద్ర పడితే స్తోత్రం,
చిన్న గ్లాసెడు నీళ్ళకూ స్తోత్రమయ్యా."

యోబు సారు కూర్చున్న చోటే నిటారయ్యారు. అది వందన పాట. ఆమె కట్టిన పాట. మూత్రపిండాలు చెడిపోయాక రోజుకు ఇన్నే నీళ్ళు తాగాలని డాక్టర్లు కొలత పెట్టారు. స్టీలు గ్లాసు లోపల గోళ్ళరంగుతో గీత పెట్టి, ఆ గీత దాకా కొలిచి పోసింది ఆయనే. ఆ రోజుల్లో ఆమె వంటింట్లో ఈ పాట కూనిరాగం తీస్తుంటే ముందు గదిలో వినేవారు. సంఘంలో ఆమె ఏనాడూ పాడలేదు. సిగ్గు. పాటలన్నీ ఒక పొడవాటి రూళ్ళ నోటుబుక్కులో రాసుకుని బీరువాలో పెట్టుకునేది.

మరి ఈ మనిషి నోటికి ఎలా వచ్చింది?

ఇంకోటి కూడా ఆయన కంట పడింది. కీబోర్డు దగ్గర కూర్చునే చక్రధర్, నాగవ్వ రెండో చరణం ఎత్తుకునేసరికే వేళ్ళు ఎక్కడా తడబడకుండా వాయించాడు. ముందే తెలిసిన పాటకు వాయించినట్టు వాయించాడు.

ప్రార్థన ముగిసి ఆయన చెప్పులు తొడుక్కుని బయటకు వచ్చేసరికి నాగవ్వ ఎక్కిన షేర్ ఆటో మూల మలుపు తిరుగుతోంది.

ఇంటికి వచ్చి, అన్నం కూడా పెట్టుకోకుండా బీరువా తీశారు. నోటుబుక్కు ప్లాస్టిక్ కవరులో ఉంది. పదకొండు నెలలుగా దాన్ని తెరవలేదు. తెరిస్తే ఆమె అక్షరాలు కనిపిస్తాయన్న బెదురు. మొదటి పేజీల్లో ఆమె నీలి అక్షరాల మీద ఆయన ఎర్ర సిరా దిద్దుళ్ళున్నాయి. ఇక్కడ దీర్ఘం, ఇక్కడ ఒత్తు, ఇక్కడ ఈ మాట బదులు ఆ మాట. సగం తర్వాత ఎర్ర సిరా లేదు. ఆమె చూపించడం మానేసిన దగ్గర నుంచి అన్నమాట. ఆ సగంలో కొన్ని పేజీలు కూడా లేవు.

కుట్టు దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టారు. పద్నాలుగు మొదళ్ళు మిగిలి ఉన్నాయి. ఒకచోట రెండు, ఒకచోట మూడు, మధ్యలో పేజీలు ఉండి మళ్ళీ ఒకటి. గాలికి తెగిన ఆకు అంచు వేరు, కత్తికి తెగిన ఆకు అంచు వేరు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన పాఠమే. ఇవి చింపినవి కావు, కోసినవి. అంచు గీత గీసినట్టుంది.

ఆయనకు తెలిసి ఈ పుస్తకం ఇల్లు దాటింది ఒక్కసారే. వందన జ్ఞాపకార్థ కూడికకు రెండు పాటలు జిరాక్సు తీయిస్తానని చక్రధర్ తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉంచుకున్నాడు. అతనికి బస్టాండు దగ్గర జిరాక్సు, మొబైలు దుకాణం ఉంది. దుకాణంలో పొడుగు చేయి ఉన్న కాగితాల కట్టరు ఉంది. ఫోనులో పాటల చానెలొకటి నడుపుతాడు, వారానికో కొత్త పాట కావాలి. ఇన్ని తెలిశాక తెలియాల్సింది ఏముంది? అనుమానం పెనుభూతం అంటారు. యోబు సారు ఆ సాయంత్రం దానికి పీట వేసి మరీ కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి వెళ్ళారు. చక్రధర్ ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు తీస్తున్నాడు. సారు గల్లా మీద నోటుబుక్కు తెరిచి పెట్టారు.

"చక్రధర్, ఈ పేజీలు ఏమైనయి?"

అతను చూశాడు. మొహంలో రంగు మారడం సారు చూశారు. మారిందనే ఆ తర్వాత కూడా చెప్పారు.

"నాకు తెల్వదు సార్. నేను తీస్కపోయినప్పుడే గట్లున్నది."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె సార్. అమ్మ పోయి వారం గూడ కాలె. మీరేమో ఆమె చెప్పులు గూడ గుమ్మం కాడి నుంచి తియ్యనిస్తలేరు. పేజీలు లేవని నేనెట్ల అడగాలె?"

"పాటకు మాత్రం చేతులు మంచిగ తిరిగినయి."

"వాయించెటోని చేతులు తిరగకపోతె ఏం తిరుగుతయి సార్. మూడు సుర్ల పాట అది, ఒక్క చరణం వింటె వచ్చేస్తది."

జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉండటమే సారుకు నచ్చలేదు. వెళ్ళబోతూ ఆయన చూపు కట్టరు వైపు వెళ్ళింది. ఆ చూపును చక్రధర్ పట్టుకున్నాడు. జిరాక్సు మిషను మూత వేసి, అవసరం లేకపోయినా బట్టతో తుడవడం మొదలుపెట్టాడు.

సారు అక్కడి నుంచి నేరుగా బాలమల్లు దగ్గరికి వెళ్ళారు. బాలమల్లు ఆదివారం పాస్టరు, మిగతా ఆరు రోజులు మేస్త్రీ. పరంజీ మీది నుంచి దిగి, చేతి సిమెంటు దులుపుకుని అంతా విన్నాడు. విని, దారం వేలాడేసి చూడకుండా గోడ వంకరని చెప్పొద్దు సార్, ముందు ఆ నాగవ్వను అడుగుదాం అన్నాడు. సారుకు ఓపిక లేదు. నా భార్య చేతిరాత పద్నాలుగు పేజీలు పోతే నన్ను ఓపిక పట్టమంటారా అని కాస్త గట్టిగానే అన్నారు. కింద ఇటుకలు మోసే ఇద్దరు సంఘం వాళ్ళే. సాయంత్రానికి ఆ మాట సంఘం ఇండ్లన్నీ చుట్టి వచ్చింది. చక్రధర్‌ను ఎవరూ పొమ్మనలేదు. తేలేదాకా నేను కీబోర్డు ముట్టను అని అతనే బాలమల్లుకు ఫోను చేసి చెప్పాడు.

మరుసటి ఆదివారం పాటలు కుంటుకుంటూ నడిచాయి. ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక పడ్డారు. గుడ్డ కప్పిన కీబోర్డు మూలన ఉంది. చక్రధర్ ఆఖరి చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సారు ముందు వరసలో ఉన్నా వీపుకు ఆ చూపు తగులుతూనే ఉంది. స్తుతి సమయంలో సారు వంతు వచ్చింది. లేచారు. ఆ రోజు ఆ ఒక్క మాట కూడా రాలేదు. పక్కనున్న ముసలాయన, పేరుకే యోబు, బైబిలు యోబు ఓపికలో మాత్రం సగపాలే అని గొణిగితే ఎవరో నవ్వు ఆపుకున్నారు.

బయట పల్లవి ఆయనకు ఎదురైంది. తల్లి ఫోను నంబరు అడిగితే, ఆమెకు ఫోను వినిపించదు సార్ అంది. మరి ఎక్కడ దొరుకుతుందంటే, సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుగాల కామారెడ్డి పెద్ద దవాఖానలో డయాలసిస్ మిషను మీద ఉంటది, అక్కడైతే తప్పక దొరుకుతది అని చెప్పింది.

సారు అనుమానం అక్కడ ఇంకో కొమ్మ వేసింది. వందన రెండేళ్ళు వెళ్ళింది కూడా ఆ దవాఖానకే. నాలుగు గంటలు మిషను మీద పడుకుని ఉండేది. సగం సేపు మగతలోనే ఉండేదని ఆయన అనుకునేవారు. సంచీ మంచం పక్కన ఉండేది, అందులో నోటుబుక్కు కూడా తీసుకెళ్ళేదేమో. ఒక చేయి కట్టేసి ఉన్న రోగి సంచీలోకి ఎవరి చేయి వెళ్తే ఎవరికి తెలుస్తుంది? ఒకవేళ చక్రధర్ కాకపోతే ఈ నాగవ్వే. బక్కమనిషి అనుకున్నాం గానీ కళ్ళు చురుకే. ఎవరైతేనేం, ఆ పేజీలు తెచ్చుకోవాలి. వందనది అంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ చేతిరాత ఒక్కటే.

బుధవారం మొదటి బస్సు ఎక్కారు. సాక్ష్యానికని నోటుబుక్కు సంచీలో పెట్టుకున్నారు. లింగంపేట దాటాక ఎండ కిటికీలోంచి ఒళ్ళో పడింది. వందన ఉన్నప్పుడు ఈ మలుపు దగ్గరే ఆయన కర్టెను లాగేవారు, ఆమె కళ్ళ మీద పడకుండా. చేయి దానంతట అదే లేచింది. కర్టెను లాగి, పక్క సీటు వైపు చూసి, మళ్ళీ తీసేశారు.

దవాఖానలో ఆ వార్డు బయట సిమెంటు బెంచీ అలాగే ఉంది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు ఆయన కూర్చున్న బెంచీ. తోడు వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వరు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చేవారు. నాలుగు గంటలు గడిచాక ఆమె నీరసంగా బయటకు వచ్చేది, ఎల్లారెడ్డి దాకా ఆయన భుజం మీద నిద్రపోయేది. లోపల ఏం జరిగేదో ఆయన ఎప్పుడూ అడగలేదు. బాధే జరిగి ఉంటుంది, అడిగి రెండోసారి ఎందుకు గుర్తు చేయాలి అనుకున్నారు.

తలుపు తీసిన టెక్నీషియను అస్మా ఆయన్ను చూడగానే గుర్తుపట్టింది. "వందనమ్మ సారే కదా" అంది. నాగవ్వతో ఒక మాట మాట్లాడాలంటే కాసేపు ఆలోచించి, చెప్పులు విడిచి రండి, ఐదు నిమిషాలే అంది.

ఆరు మిషన్లు. మూడోది, కిటికీ పక్కది, నాగవ్వది. ఎడమ చేయి చాచి ఉంది, దాంట్లోంచి రెండు ఎర్రటి గొట్టాలు మిషనులోకి వెళ్తున్నాయి. సంఘంలో కొంగు కింద దాచిన చేయి ఇదే. ఆ చేయి చూశాక సారు అడగదల్చుకున్నది కాస్త మెత్తబడింది గానీ, అడగడం మానలేదు.

"నాగవ్వా, మొన్న పాడిన పాట నీకు యాడిది?"

ఆమె కుడిచేత్తో దిండు కింద నుంచి దవాఖాన ఫైలు లాగింది. రిపోర్టుల మధ్య ప్లాస్టిక్ కవరులో ఒక రూళ్ళ కాగితం ఉంది. నీలి అక్షరాలు. అంచు గీత గీసినట్టు ఉంది.

"వందనక్క ఇచ్చింది."

"ఇచ్చిందా, నువ్వు తీస్కున్నవా?"

మాట నోరు దాటాక ఆయనకే కటువుగా వినిపించింది. నాగవ్వ నొచ్చుకోలేదు. అస్మా వైపు చూసి, "నువ్వే చెప్పు బిడ్డా, కోసింది నువ్వే గదా" అంది.

అస్మా చెప్పింది. కొత్తగా మిషను మీదకు వచ్చినవాళ్ళు మొదటి రోజు ఏడుస్తారు, కొందరు పారిపోవాలని చూస్తారు. అలాంటి రోజు వందనమ్మ నోటుబుక్కు తీయించి, ఒక పాట ఎంచి, పేజీ చింపబోయేది. ఒక చేయి కదపకూడదు, ఒంటి చేత్తో చింపితే కాగితం పాడవుతుంది. అందుకని అస్మాను పిలిచి, ప్లాస్టరు కోసే కత్తెరతో నీటుగా కోయమనేది. పద్నాలుగు మందికి కోసి ఇచ్చిందట. అందులో ఇద్దరు పోయారు. ఇంట్లోవాళ్ళు ఆ కాగితాలు వాళ్ళతోపాటు పెట్టెలో పెట్టి పంపారట.

"నాకు గూడ ఇస్త అన్నది సార్" అంది అస్మా. "మాది మాకున్నది అమ్మా అన్న. అయితే నువ్వు నీది చెప్పు, నేను నాది చెప్త అన్నది. సూది పెట్టే ముందు రోజూ ఇద్దరం చెరొకటి చెప్పుకునేది."

సారు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

నాగవ్వ కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది. "పాట పాడితె నొప్పి పోయిందని అబద్ధం చెప్ప సారు. నొప్పి గట్లనే ఉండె. నేనైతె మొదటి దినం ఇంటికి పోయి సస్త, ఈ గొట్టాలొద్దని లేచిన. అక్క ఏమన్నదంటే, ఇయ్యాల్టికి ఒక్కటి, దేవునికి స్తోత్రం చెప్పెటందుకు ఒక్కటి దొరికిందాక ఉండు, దొరకకుంటే పో అన్నది. దొరకకుంటే వెతకాలె అన్నది. వెతుక్కుంట వెతుక్కుంట నాలుగు గంటలైపోయినయి. ఇప్పటికి ఏడాదిన్నర అయితంది. ఇంక వెతుకుతనే ఉన్న."

"ఆమె ఏం చెప్పేది?" అని అడిగారు సారు.

"ఒకనాడు సూది ఒక్కసారికే నరం దొరికిందని. ఒకనాడు బస్సుల కిటికి సీటు దొరికిందని. ఏం దొరకనినాడు, బయట బెంచి మీద మా సారున్నడు, స్తోత్రం అనేది. రోజూ గదేనా అక్కా, ఇంకేం లేదా నీకు అని మేం నవ్వెటోళ్ళం."

మిషను ఒకసారి కూసింది. అస్మా వచ్చి మీట నొక్కి వెళ్ళింది. సారు నేల మీది గచ్చు వైపే చూస్తున్నారు. రెండేళ్ళు ఆ బెంచీ మీద ఎందుకూ కొరగానివాడిలా కూర్చున్నానని ఆయన అనుకున్నారు. గోడకు ఇవతల ఆయన పేపరు చదువుతుంటే, గోడకు అవతల ఆయన పేరు మీద దేవుడికి స్తోత్రం వెళ్తూ ఉంది.

"ఇంత చేసి నాకెందుకు చెప్పలే?"

నాగవ్వ చెప్పాలా వద్దా అన్నట్టు అస్మాను చూసింది. అస్మా అటు తిరిగి నవ్వాపుకుంటోంది.

"అడిగినం సారు. చెప్తె ఎర్ర పెన్ను పట్టుకొస్తడు అన్నది."

యోబు సారుకు నవ్వు వచ్చింది. నవ్వు వెనక ఇంకేదో వస్తుంటే కండువా అడ్డం పెట్టుకున్నారు.

నాగవ్వ కవరులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. "నాకు నోటికొచ్చు. కావాలంటె తీస్కపో సారు. నీ ఇంటి మనిషి రాత."

దానికోసమే వచ్చారు. దానికోసమే ఒక మనిషిని నలుగురిలో దొంగను చేశారు. కాగితం మీద చేయి ఆనిన చోట మెత్తబడి ఉంది. చాలాసార్లు మడిచి విప్పిన గుర్తులున్నాయి. మొదటి వరసలో ఒకటి, మూడో వరసలో ఒకటి, రెండు తప్పులు కూడా కనిపించాయి. జేబు దాకా వెళ్ళిన చేయి అక్కడే ఆగి వెనక్కి వచ్చింది. కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి, ఆమె కవరులోకి తిరిగి దోపారు.

"నీ దగ్గర్నే ఉండనియ్యి. ఒక్కసారి పాడుతవా?"

ఆమె మెల్లగా ఎత్తుకుంది. పక్క మంచం మీది ముసలావిడ కళ్ళు తెరవకుండానే పెదవులు కదిపింది. చిన్న గ్లాసెడు నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి సారు గొంతు కూడా కలిసింది. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు వచ్చింది. అయినా వచ్చింది. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. అస్మా గడియారం చూడలేదు.

తిరుగు బస్సులో చక్రధర్‌కు ఫోను చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. ఎల్లారెడ్డిలో దిగి ఇంటివైపు తిరగకుండా దుకాణానికే నడిచారు. చక్రధర్ ఆయన్ను చూసి లేచాడు గానీ, రండి అనలేదు.

"చక్రధర్, పేజీలు దొరికినయి. ఆమెనే కోయించి ఇచ్చింది. తప్పు నాది" అన్నారు సారు. జరిగినదంతా నిలబడే చెప్పారు. దుకాణంలో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగలేదు. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కదా.

చక్రధర్ గల్లా మీద వేలితో గీతలు గీశాడు.

"మా అమ్మ రెండు దినాలు అన్నం తినలే సార్. నా కొడుకు దొంగనా అని."

"పొద్దుగూకినంక మీ ఇంటికొస్త. ఆమె ముంగట గూడ చెప్త."

"రండి" అన్నాడు చివరికి. ఇంకాసేపటికి, "చాయ్ తాగుతరా సార్" అన్నాడు. అది పూర్తిగా క్షమించడం కాదు గానీ, ఆ పూటకు దొరికింది అదే.

సారు సంచీలోంచి నోటుబుక్కు తీసి, మిగిలిన పాటలన్నీ జిరాక్సు తీయమన్నారు. జాగ్రత్తగా తీస్త, ఒరిజినల్ బీరువల పెట్టుకోండి అన్నాడు చక్రధర్.

"లేదు. జిరాక్సు నాకు. ఒరిజినల్ వార్డుకు. ఇంక ఇరవై రెండు పేజీలున్నయి. వచ్చెటోళ్ళు వస్తనే ఉంటరట."

చక్రధర్ ఆయన మొహంలోకి చూశాడు. ఆ రోజు అలా చూడటం అదే మొదటిసారి. తర్వాత మిషను మూత ఎత్తి, మొదటి పేజీని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు అద్దం మీద పరిచాడు.

ఆదివారం కీబోర్డు మీది గుడ్డ తీసి ఉంది. చక్రధర్ కీబోర్డు దగ్గర, వాళ్ళమ్మ ఆడవాళ్ళ వరసలో మూడో చాప మీద కూర్చున్నారు. స్తుతి సమయంలో యోబు సారు లేచారు. ముందు చేసిన తప్పు చెప్పారు, ఎవరి మీద చేశారో పేరుతో చెప్పారు. సంఘం కదలకుండా విన్నది. ఇక కూర్చుంటారనుకుని పక్కాయన కాళ్ళు ముడుచుకుని చోటు ఇచ్చాడు. సారు కూర్చోలేదు.

"ఇంకోటి ఉన్నది" అన్నారు. "రెండేండ్లు నన్ను ఒక బెంచి మీద కూర్చోబెట్టినందుకు, దేవునికి స్తోత్రం."

అర్థమైనవాళ్ళు కొందరే. అర్థం కాని పక్కాయన, బెంచికి గూడనా అని గొణిగాడు. చక్రధర్ తల ఎత్తకుండానే ఆ మూడు సుర్ల పాట ఎత్తుకున్నాడు.